బుర్రకథలో నా గొంతు

మంగళగిరిలో మా వీధికొచ్చి మాణిక్యమ్మ ఇల్లు ఎక్కడని ఎవరూ అడగనక్కర్లేదు. మగ్గాల చప్పుడు మీదుగా నా కేకలు వినపడుతూనే ఉంటాయి. ఏం చెయ్యను? మా ఆయన పానకాలు నోట్లో నాలుక లేని మనిషి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టాడంటే లోకంతో పనిలేదు. ఇద్దరి మాటలూ నేనే మాట్లాడాలి. కూతురు సామ్రాజ్యం అచ్చం తండ్రి పోలిక. బడిలో పేరడిగినా దిక్కులు చూస్తుందట.

అలాంటి పిల్లని రాజరాజేశ్వరి పంతులమ్మ బడి వార్షికోత్సవంలో బుర్రకథకి పెట్టుకుంది. కథ చెప్పే పిల్ల మధ్యన, అటూ ఇటూ ఇద్దరు వంతలు. అందులో ఒకతె జనాన్ని నవ్వించాలి. ఆ హాస్యం వంత మా దానికే ఇచ్చిందని తెలిసి బడికి వెళ్లాను.

"ఏవండీ పంతులమ్మ గారూ, దీనికి ఏడవడమే సరిగ్గా రాదు, నవ్వించడమేంటండీ? ఊళ్లో మా పరువు తియ్యడానికా?"

"పిల్లలో మాటలున్నాయి మాణిక్యమ్మా, బయటికి రావాలంతే. ఇంట్లో చూసినవే చెప్పమన్నాను. మీరు కాస్త ఊరుకోండి, చాలు."

నన్ను ఊరుకోమంటుందా! ఒళ్లు మండింది. కానీ నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, అసలు నోరే లేని పిల్లకి ఏ ఊరు మంచిదవుతుంది? పిల్ల నోరు విప్పితే బిందెడు పానకం పోయిస్తానని కొండమీది స్వామికి మొక్కుకున్నాను.

ఆ సాయంత్రం బడి ఆవరణ నిండా జనం. కొత్త చీర కట్టుకుని ఆడవాళ్లవైపు ముందు వరసలో కూర్చున్నాను. కథ ఆడపిల్లల చదువు గురించి. పెట్రోమాక్సు వెలుతురులో సామ్రాజ్యం వాయించడానికి భుజానికి గుమ్మెట తగిలించుకుని వచ్చింది. దాని కాళ్లు వణకడం నాకు కనపడుతూనే ఉంది.

"పలక పట్టుకున్న పిల్లని చూసి తల్లి ఏమందే?" అని కథ చెప్పే పిల్ల అడిగింది.

సామ్రాజ్యం గుమ్మెట వెనక్కి నెట్టి, కొంగు బొడ్లో దోపి, ఎడం చెయ్యి నడుం మీద పెట్టింది.

"ఒసే మొద్దూ! నోట్లో ఏం పెట్టుకున్నావే, బెల్లం ముక్కా? చెప్పవే! ఆఁ, చెప్పబోకు, నోరు ముయ్యి! ముయ్యమంటే మూసేస్తావా? చెప్పవే!"

జనం గొల్లుమన్నారు. నేనూ పగలబడి నవ్వాను. ఎవరో గయ్యాళిదాన్ని భలే పట్టిందే అనుకున్నాను. పక్కింటి వెంకటేశ్వరమ్మ నా మోకాలు గిల్లి, "అచ్చం నువ్వేనే మాణిక్యం!" అంది.

నవ్వు గొంతులోనే ఆగిపోయింది. మగవాళ్లవైపు చూస్తే మా ఆయన పైపంచెతో కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. పెళ్లయ్యాక ఆయన అంతలా నవ్వడం చూళ్లేదు. ఊరంతా నన్నే చూస్తున్నట్టనిపించి తల దించేసుకున్నాను. పిల్ల మాత్రం తలెత్తుకుని నిలబడింది. వణుకూ లేదు, తడబాటూ లేదు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆ సిగ్గులోనే, ఎంత బాగా చెబుతోందో నా తల్లి, అని కూడా అనిపించింది. అది ఎవరితో చెప్పుకోను?

కథ అయ్యేదాకా ఉండలేక ఇంటికొచ్చేశాను. కాసేపటికి తండ్రి వెనకే నవ్వుకుంటూ వచ్చిన పిల్ల, గడప దగ్గర నన్ను చూడగానే రెండు చేతులూ చెంపలకి అడ్డం పెట్టుకుంది.

నేను చెయ్యెత్తనేలేదు.

"కొట్టనులేవే. ఇందాక చెప్పావుగా, ఆ మాటలు మళ్లీ చెప్పు."

మెల్లగానే అన్నాననుకుంటాను. ఊరందరి ముందు తెరిచిన నోరు పిల్ల కన్నతల్లి ముందు తెరవలేదు.

"చెప్పవే!" అనేశాను. అని నాలుక కరుచుకున్నాను.

"నువ్వు అటు తిరిగి కూర్చో," అన్నాడు మా ఆయన. ఆయన నాకు ఒక మాట చెప్పడం, నేను వినడం, రెండూ కొత్తే.

గోడవైపు తిరిగి కూర్చున్నాను. వెనకనుంచి సన్నగా, "ఒసే మొద్దూ..." అని మొదలైంది. పోనుపోను గొంతు పెరిగింది. బడిలో చెప్పినవన్నీ చెప్పింది. బడిలో చెప్పనివీ చెప్పింది. అన్నీ నేను అన్నవే, ఒక్కటీ కల్పించలేదు.

అయ్యాక, "అమ్మా, ఇటు తిరగవే," అంది.

తిరగడానికి నాకు మొహం చెల్లలేదు.