ఏం పెడుతున్నారమ్మా

పాల మీద మీగడ తీసి పిల్లి గిన్నెలో వేస్తుంటే మా వదిన చూసింది. వదిన అంటే మా ఆయన అక్క. "పిల్లికి మీగడ, మా తమ్ముడికి నీళ్లు," అంది. నవ్వుతూనే అంది. ఆయనా నవ్వారు.

నాలుగు నెలలుగా ఇంట్లో ఉప్పు సగం, నూనె రోజుకి రెండు చెంచాలు. ఆయనకి అరవై ఎనిమిది. ఎడమ కాలి రక్తనాళం మూసుకుపోతే స్టెంట్ వేసి తెరిచారు. మళ్లీ మూసుకుంటే పాదం తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఆయనకి కాదు, నాకు చెప్పింది. ఏం తినాలో, ఏం తినకూడదో రాసిన కాగితం కింద రోగి సంతకం చెయ్యాలన్నారు. ఆయన కాగితం నా ముందుకి జరిపి, "వంట నీదేగా, నువ్వే పెట్టు," అన్నారు. పెట్టాను.

అప్పట్నుంచి నాలుగున్నరకి లేస్తున్నాను. ఆయన తిండి, నా డబ్బా, ఎనిమిదింటి బస్సు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజులు టైపు చేస్తాను. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుంది. ఉడికించిన కూర నోట్లో పెట్టుకుని ఆయన ఒకటే మాట అంటారు, ఆస్పత్రి తిండే నయమని. నేనూ అదే తింటున్నాను. రెండు వంటలు చేసే ఓపిక లేదు. నీకెలా సహిస్తోందని ఎవరూ అడగలేదు.

పోయిన మంగళవారం సాయంత్రం బస్సు సిగ్నల్ దగ్గర ఆగింది. బేకరీ అద్దం ముందు ఆయన నిలబడి ఉన్నారు. నూరడుగులు వేస్తే ఆయనకి పిక్క పట్టేస్తుంది. అప్పుడు ఏదో ఒక షాపు అద్దంలోకి చూస్తూ ఆగిపోతారు, నొప్పని ఎవరికీ తెలియకూడదని. పాపం అనుకుని, దిగుదామని సంచీ భుజానికి తగిలించుకున్నాను. ఆయన ఇటు తిరిగారు. చేతిలో ప్లేటు. నూనె కారే పఫ్ ముక్క తుంచి పాత ఆఫీసు స్నేహితుడికి ఇస్తున్నారు. ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. అలా నవ్వే ఆయన మా ఇంట్లో నేను వడ్డించే బల్ల దగ్గర ఎప్పుడూ కూర్చోలేదు. బస్సు కదిలింది. అడిగితే ఏమవుతుందో తెలుసు. మూడు రోజులు కంచం తోసేస్తారు, వదిన ఫోన్ చేస్తుంది. అడగలేదు.

ఇవాళ రక్తపరీక్ష రిపోర్టు చూసి డాక్టరమ్మ కళ్లజోడు తీసింది.

"ఇలాగైతే కాలు దక్కదు. ఏం పెడుతున్నారమ్మా ఈయనకి?"

ఆయన గోడ మీది గుండె బొమ్మ చూస్తున్నారు. తోడుగా వచ్చిన వదిన నన్ను చూస్తోంది. చెబితే ఇంట్లో ఉండనివ్వరు. చెప్పకపోతే కాలు పోతుంది. రెండిట్లో ఏది జరిగినా నా వల్లే అంటారు.

"నేనేం పెడుతున్నానో చెప్పగలను. ఆయనేం తింటున్నారో ఆయన్నే అడగండి," అన్నాను.

డాక్టరమ్మ ఆయన వైపు తిరిగింది. నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏమేం తిన్నారో వరసగా చెప్పమంది.

ఆయన చాలాసేపు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు. తర్వాత నా వైపు చూసి, "ఏమే, నిన్న నేనేం తిన్నాను?" అన్నారు.

డాక్టరమ్మ రాసుకోడానికి నా వైపు తిరిగింది.