చెప్పుకోలేని మనవి

రవ్వ వేగుతుండగా హాల్లో ఫ్రిజ్ మీద ఫోన్ మళ్ళీ వణికింది. రింగు వినపడకుండా డోరా ఎప్పుడో నొక్కేసింది. అయినా రేకు మీద గుర్రుమనే ఆ చప్పుడు వంటింటి దాకా వస్తూనే ఉంది. గరిటె ఆపితే రవ్వ మాడుతుంది. ఆపకుండా తిప్పుతూ, అది ఆగేదాకా ఊపిరి బిగబట్టింది.

ఉప్మాలో జీడిపప్పు వెయ్యవా అని అత్తగారు గుమ్మంలో నిలబడి అడిగింది. పాస్టరమ్మగారు మొదటిసారి మనింటికి వస్తున్నారు, పల్లీల ఉప్మా పెడితే ఏమనుకుంటారంది. ఇంట్లో జీడిపప్పు కొని ఎన్నాళ్ళయిందో ఆవిడకి తెలియక కాదు. తెలిసే అడుగుతుంది. ఆ ఇంట్లో డబ్బు లేదన్న సంగతి తల్లికీ కొడుక్కీ కోడలికీ, ముగ్గురికీ తెలుసు, కానీ లేనట్టు బయటికి కనపడకుండా చూసే పని మాత్రం డోరాది. అద్దె ఇచ్చేటప్పుడు నవ్వుతూ ఇవ్వడం, గ్యాస్ అయిపోతే కరెంటు పొయ్యి మీద వండడమే ఇష్టమని పక్కవాటా వాళ్ళతో చెప్పడం, చర్చిలో కానుక సంచీ తన ముందుకు వచ్చేసరికి ఖాళీ పిడికిలి ముడిచి అందులో పెట్టి తీయడం, ఇవన్నీ ఆమె డ్యూటీలే. స్కూల్లో చేసే ఉద్యోగానికి జీతమైనా ఉంది.

నెలకో ఇంట్లో, స్కూలుకు సెలవుండే రెండో శనివారం మధ్యాహ్నం, స్త్రీల ప్రార్థన కూటం జరుగుతుంది. ఈ నెల వంతు డోరాది. వాయిదా వేయాలని ఆమె ఎంత చూసినా అత్తగారు పడనివ్వలేదు. మెట్టుగూడలో ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్నాం, ఏ కూటమూ తప్పించుకోలేదు, ఇప్పుడు తప్పిస్తే నలుగురూ ఏదో ఉందనుకుంటారంది. ఏదో ఉంది కాబట్టే అలా అనుకోకూడదన్నమాట.

ఆ ఏదో మొదలైంది డోరా భర్త ఆశీష్ ఫోనులో. కార్ల షోరూములో సేల్స్ పని అతనిది. అమ్మకాలు తగ్గి కమిషన్ తగ్గినప్పుడు అతను ఫోనులో షేర్లు కొనడం అమ్మడం షురూ చేశాడు. మొదట అతని జీతం పోయింది, తర్వాత దాచుకున్నది, ఆ తర్వాత ఒక్క వారంలో డబుల్ చేసి తెస్తానన్న మాట మీద ఆమె గొలుసూ గాజులూ కుదువకి వెళ్ళాయి. అవి పోయాక యాప్‌లో అప్పులు. తన ఫోను మీద ఇక ఎవరూ ఇవ్వడం లేదని తేలాక ఒకరోజు, నీ ఫోన్ స్లో అయింది, క్లీన్ చేసిస్తానని ఆమె ఫోను తీసుకుని అందులో కూడా ఆ యాప్ వేశాడు. అది అడిగినవాటన్నిటికీ సరే నొక్కాడు. ఆమె ఫోటోలకు సరే, ఆమెకు తెలిసిన నంబర్లన్నిటికీ సరే. అప్పుడు ఆమె పక్కనే కూర్చుని మూడో తరగతి కాపీలు దిద్దుతోంది. అడిగితే ఇచ్చేదేమో, పిచ్చిదానిలా ఇచ్చే ఉండేది. ఒక్కమాట అడగనైనా లేదే అని తర్వాత నిలదీస్తే, మొగుడూ పెళ్ళాల మధ్య నీ ఫోనేంది నా ఫోనేంది అని నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి ఇప్పటికీ ఒంటికి పట్టిన నూనెలాగా వదలడం లేదు.

ఇప్పుడు ఫోన్లు ఆమెకే వస్తాయి. మేడమ్ అని హిందీలో మర్యాదగా మొదలుపెడతారు, రెండో మాటకే బూతులు. ఇవాళ పొద్దున మాట కాదు, బొమ్మ వచ్చింది. చర్చి వార్షికోత్సవానికి క్వైర్‌తో కలిసి తెల్లచీరలో దిగిన ఫోటోలోంచి ఆమె మొహం కోసి, బట్టల్లేని ఎవరో ఆడమనిషి ఒంటికి అతికించారు. కింద ఆమె పేరు, స్కూలు పేరు. ఈ సాయంత్రంలోగా కట్టకపోతే నీ ఫోనులో ఉన్న ప్రతి నంబరుకూ ఇది పోతుందని రాశారు. ప్రతి నంబరంటే పిల్లల తల్లిదండ్రులు. టీచర్ల ఒంటిమీద దుపట్టా జారినా మెమో ఇచ్చే ప్రిన్సిపాల్. ఏలూరులో నాన్న. నాన్న కళ్ళజోడు సర్దుకుని, కూతురు ఏదో పంపిందని ఆ బొమ్మ తెరవడం ఊహించుకునేసరికి ఆమె బాత్‌రూములోకి వెళ్ళి వాంతి చేసుకుంది. తర్వాత మళ్ళీ చూసింది. ఆ ఒళ్ళు ఎవరిదో. ఆవిడ మొహం ఇంకెక్కడ పడేశారో.

ఆశీష్ ఆ బొమ్మ చూసి కాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత షర్టు ఇస్త్రీ అయిందా అని అడిగాడు. బయల్దేరేటప్పుడు చెప్పులు వేసుకుంటూ ధైర్యం కూడా చెప్పాడు.

"పరేషాన్ కాకు. నా దోస్త్ ఫైనాన్స్ కంపెనీల ఉన్నడు. నీ సాలరీ మీద లోన్ ఇప్పిస్త అన్నడు. మధ్యాహ్నం ఫోన్ జేస్త, నీ ఫోన్‌కు ఓటీపీ వస్తది, ఆ నంబర్ చెప్పు, చాలు. ఎవ్వరికీ చెప్పకు, జెర నా ఇజ్జత్ చూడు."

ఈ అప్పుతో ఆ అప్పు తీరిపోతుందని అతను ఇదివరకు కూడా చెప్పాడు. తీరలేదు సరికదా పిల్లలు పెట్టింది. ఇక మిగిలింది ఆమె జీతం ఒక్కటే. ఇంటద్దె అందులోంచే, అత్తగారి షుగరు మాత్రలూ అందులోంచే. అది కూడా వాయిదాల్లోకి పోతే తినేదేమిటో ఆమెకి తెలియదు. కానీ నంబరు చెప్పకపోతే నాన్న ఫోనులోకి ఆ బొమ్మ వెళ్తుంది. రవ్వ వేయించుతూ, ఉల్లిపాయలు తరుగుతూ, జంబుకానా పరుస్తూ ఆమె ఈ రెండింటి మధ్యే తిరిగింది. ప్రతిసారీ నంబరు చెప్పేద్దామనే అనుకుంది. భయపడే మనిషికి ఆ పూట గడిస్తే చాలు.

ఆడవాళ్ళు వందనాలు చెప్పుకుంటూ వచ్చారు. అందరికంటే ముందు మేబెల్ ఆంటీ, రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయిన పెద్దావిడ. ఆమె వెనకాల సగం పూట పని ముగించుకుని ఆఫీసు నుంచి తిన్నగా వచ్చిన జెరూషా. ఈ ఇద్దరే డోరాకి మనసు విప్పి మాట్లాడుకునే స్నేహితులు, అయినా ఇద్దరికీ చెప్పలేదు. పాస్టరమ్మగారు, ఇంకో ముగ్గురు వచ్చి కూర్చున్నారు. రోజూ అన్నం వండేముందు గుప్పెడు బియ్యం దేవుడి పేర తీసి దాచడం వాళ్ళ అలవాటు. అలా దాచినవి ఎవరి సంచీలోంచి వాళ్ళు తీసి గోడవారగా పెట్టిన పెద్ద సంచీలో పోశారు. ఆదివారం చర్చిలో వేలం వేస్తే ఆ డబ్బు స్త్రీల సమాజానికి వెళ్తుంది. డోరా సంచీ అడుగున ఉన్నవి చప్పుడు కూడా చేయకుండా పడ్డాయి.

పాట అయింది, బైబిలు వాక్యం అయింది. ప్రార్థన మనవులేమైనా ఉంటే చెప్పమని మేబెల్ అడిగింది. ఒకరు మోకాళ్ళ నొప్పులన్నారు, ఒకరు అమ్మాయి పరీక్షలన్నారు. డోరా తల దించుకుని, చెప్పుకోలేని మనవి ఒకటుందంది. మూడు నెలలుగా ఇదే మాట. నోరు విప్పి చెప్పలేనివాటికి కూటంలో అలాంటి వెసులుబాటు ఉంది, ఏమిటని ఎవరూ అడగకుండానే ప్రార్థన చేస్తారు. అడగరు కానీ ఊహించుకోరని కాదు. పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లల్లేని మనిషికి చెప్పుకోలేని మనవి ఇంకేముంటుంది? మూడు నెలలుగా వాళ్ళంతా ఆమె కడుపు పండాలని ప్రార్థిస్తున్నారు. డోరాకి ఆ సంగతి తెలుసు, దిద్దలేదు. అప్పుల్లో మునిగిన ఇంటి కోడలని అనిపించుకోవడం కన్నా గొడ్రాలని జాలిపడనివ్వడమే ఆమెకి సులువైంది. అత్తగారికి కూడా ఈ ఏర్పాటు బాగానే నచ్చింది, లోటు కోడలిదయింది కదా.

ఇవాళ మేబెల్ ఒక అడుగు ముందుకేసింది. జేబురుమాల్లో చుట్టి తెచ్చిన మాత్రల అట్ట డోరా చేతిలో రహస్యంగా పెట్టింది. గర్భం రావడానికి ముందు నుంచే వేసుకోవలసిన ఫోలిక్ యాసిడ్. రోజుకొకటి వేసుకో తల్లీ అని చెవిలో చెప్పి, ఆమె తల మీద చెయ్యివేసి, ఈ బిడ్డ గర్భాన్ని తెరువు ప్రభువా అని గట్టిగా మొదలుపెట్టింది.

అప్పుడే ఫ్రిజ్ మీద ఫోను వణికింది. ఆగి, మళ్ళీ వణికింది. ఆడవాళ్ళంతా కళ్ళు మూసుకుని ఆమెన్, ఆమెన్ అంటున్నారు. చేతిలో మాత్రల అట్ట నలుగుతోంది. ఇంకో గంటకో రెండు గంటలకో ఈ కళ్ళన్నీ తెరుచుకుని ఆ బొమ్మ చూస్తాయి. తన నెత్తిన ఇంత వెచ్చగా ఉన్న ఈ చెయ్యి కూడా ఫోను పట్టుకుని ఆ బొమ్మ తెరుస్తుంది. డోరా మాత్రల అట్ట తిరిగి మేబెల్ చేతిలో పెట్టింది.

"అది కాదాంటీ," అంది. "నా మనవి అది కాదు."

ప్రార్థన మధ్యలో ఆగిపోయింది. డోరా, అని అత్తగారు ఒక్కసారే పిలిచింది. ఆ పిలుపుకి మామూలుగా అయితే డోరా లేచి టీ పెట్టడానికి వెళ్ళేది. ఇవాళ కూర్చునే ఉంది. కూర్చునే చెప్పింది. సరిగ్గా కూడా చెప్పలేదు, ముందుది వెనక, వెనకది ముందు. యాప్ సంగతి, గాజుల సంగతి, బొమ్మ సంగతి, ఇప్పుడు రాబోయే నంబరు సంగతి. చెప్పడం అయిపోయాక ఏదో తేలికపడుతుందనుకుంది, పడలేదు. గదిలో ఎవరి మొహంలోకీ చూడలేకపోయింది. ఇంట్లో సంగతి ఇట్టా బజారున పెడతావా అంటూ అత్తగారు ఏడుపు అందుకుంది. పాస్టరమ్మగారు కంగారుగా పాస్టరయ్యగారికి చెబుదామా అన్నారు. అయ్యగారు తర్వాత, అని మేబెల్ ఆవిణ్ణి ఆపి, డోరా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"వాడు పంపితే ఎవరికి పంపుతాడే? నాకు, జెరూషాకి, వీళ్ళకి. నువ్వేంటో మేం ఎరగమా? పంపనీ. ఇన్నాళ్ళూ నేనే దేవుణ్ణి తప్పు అడ్రసుకి పంపించాను." అని, వెంటనే నర్సు గొంతుతో, "ఇంట్లో బియ్యం ఉన్నాయా?" అనడిగింది.

లేవన్నట్టు డోరా తల అడ్డంగా ఊపింది. మేబెల్ గోడవార ఉన్న సంచీ కేసి చూసి, అది ఈ నెల ఇక్కడే ఉంటుంది, వేలం లేదంది. ఎవరూ కాదనలేదు. మేమేం అడుక్కునేవాళ్ళమా అని అత్తగారు ఏడుపు మధ్యలో అంది, కానీ సంచీ తీసెయ్యమని మాత్రం అనలేదు.

జెరూషా ఫ్రిజ్ మీది ఫోను తెచ్చి డోరా ఒళ్ళో పెట్టింది. "అక్కా, మా ఆఫీసుల ఒకామెకు గిట్లనే అయింది. భయపడి కట్టింది, మళ్ళ కట్టింది. కట్టినా పంపిండ్రు. వాళ్ళకంటే ముందు మనమే చెప్దాం. తర్వాత అందరం పోయి పోలీసులకు కంప్లైంట్ ఇద్దాం."

జెరూషానే మెసేజి కొట్టింది. మేము తెలియక ఒక యాప్‌లో అప్పు తీసుకున్నాం, వాళ్ళు నా పేరుతో దొంగ ఫోటో పంపుతారు, తెరవకండి అని. డోరా చదువుకుంది. మేము అన్న మాట దగ్గర ఆగింది. తెలియక అన్న మాట దగ్గర మళ్ళీ ఆగింది. ఆ రెండూ చెరిపేసి, నా భర్త ఆశీష్ నన్ను అడగకుండా నా ఫోనులో అని తనే రాసింది. రాస్తుంటే పక్కనుంచి చూస్తున్న అత్తగారు, వాడి పేరెందుకే, వాడి పేరొద్దే అని చెయ్యి పట్టుకుంది. డోరా మెల్లగా ఆ చెయ్యి విడిపించుకుంది. బొటనవేలు పంపే గుర్తు మీద చాలాసేపు ఆగిపోయింది. ప్రిన్సిపాల్ గుర్తొచ్చింది, ఉద్యోగం పోతుందేమో అనిపించింది. నాన్నకి ముందు ఫోన్ చేస్తానంది కానీ, చెయ్యకుండా మెసేజే ముందు ఆయనకి పంపింది. తర్వాత అందరికీ. పంపాక ఫోను ఒళ్ళో పెట్టుకుంది. మేబెల్ ఆమె రెండు చేతులూ తన చేతుల్లో పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది.

అంతలో ఆశీష్ ఫోను. అది వణుకుతుండగానే పైన మెసేజి పడింది, ఆరంకెల నంబరు. డోరా ఎత్తింది.

"వచ్చిందా? జెల్ది చెప్పు, టైమ్ అయిపోతది."

నంబరు కళ్ళముందే ఉంది. నోరు అలవాటుగా మొదటి అంకె పలకడానికి సిద్ధపడింది కూడా. చెప్పేస్తే ఈ రాత్రికి అతను ప్రేమగా ఉంటాడు, అత్తగారు ఏడుపు ఆపుతుంది, రేపటి సంగతి రేపు. ఆమె పెదాలు బిగించింది.

"చెప్పను," అంది. "నా పేరు మీద ఇంకో అప్పు వద్దు."

"పిచ్చి లేసిందా డోరా? వాళ్ళు నీ ఫోటో అందరికీ పంపుతరు."

"పంపనీ. ముందే నేను అందరికీ రాసి పంపిన."

అవతల షోరూములో ఏదో పాట మోగుతోంది. ఏం రాసినవ్ అని అడిగాడు. జరిగిందే రాసిన అంది. మళ్ళీ పాట. ఆ తర్వాత అతని గొంతు వచ్చింది, సన్నగా, వణుకుతూ. పొద్దున ఆ బొమ్మ చూసినప్పుడు ఆ గొంతులో ఈ వణుకు లేదు.

"అందుల నా పేరు సుత రాసినవా?"

"రాసిన," అంది డోరా.