విత్తనపు కాయతోని తంబూర

మా ఇంటిది నీలమ్మ పెంచే ఆనిగెపు తీగ, అదే సొరతీగ, దాని సంగతి తెల్వనోళ్ళు మణికొండ చుట్టుపక్కల లేకుండె. ఓ ఏడు ఆ తీగ మా ఇంటి మీదికెళ్ళి పాకి, పక్కనున్న బండల గుట్ట ఎక్కి అవతలికి దిగింది. కాయ కోసుకరానీకి పొద్దుగాల సద్ది కట్టుకొని పోతే, పొద్దుగూకినంక ఇంటికొచ్చేది. ఒక్క కాయ వండితే మూడొద్దుల పెండ్లి ఎల్లింది. నమ్మకపోతే ఆ పెండ్లిల తిన్నోళ్ళను అడుగుండ్రి. కొందరు ఇంకా బంతి మీదికెళ్ళి లేవలే.

నేను చెప్పబోయేది పోలీస్ యాక్షన్ అయినంక వచ్చిన మొదటి ఎండకాలం ముచ్చట. అంతకుముందు రజాకార్ల భయానికి దగ్గొస్తే కూడా బొంతల మూతి పెట్టి దగ్గినం. ఆ ఎండకాలం మాత్రం ఊరికి ఊరే వాకిట్లకొచ్చి పడ్డది. ఆడోళ్ళు నీడకు కూసొని బొంతలు కుట్టుడు, ముసలోళ్ళు ఈతాకు చాపలు అల్లుడు, మొగోళ్ళు బావిల దుంకుడు, పైకొచ్చి తాటిముంజలు జుర్రుడు. పనీ లేదు, ఫికరూ లేదు.

నీలమ్మ వారం పొద్దులకని తల్లిగారింటికి చందానగర్ పోయింది. నాకు తంబూర చేద్దామని బుద్ధి పుట్టింది. భజనల అందరి చేతుల ఏదో ఒకటి ఉంటది, నాకు చప్పట్లే గతి.

ఇంట్ల దూలానికి ఎండిన ఆనిగెపు బుర్ర ఏలాడుతుండె. తట్టి చూస్తే ఖంగుమన్నది. దించి, మెడ కోసి, లోపల గలగలమనే గింజలన్ని వాకిట్ల దులిపిన. కోళ్ళు ఉరికొచ్చినయ్. తినుండ్రి బిడ్డా అన్న. చింతగింజల పిండి ఉడకబెట్టి బుర్ర మూతికి మేకతోలు అతికిన. వెదురుకట్టె దూర్చిన. పట్నంల తెచ్చిన తీగ గుంజి కట్టిన. మూడొద్దులు పట్టింది. నాలుగో పొద్దు మీటిన చూడుండ్రి, బావికాడ నీళ్ళు తాగే బర్రెలు మూతులెత్తి నా దిక్కు చూసినయ్. ఒకటైతే తలకాయ ఊపింది.

ఆ సప్పుడుకు పక్కింటి ఎల్లేశం వచ్చిండు.

"మస్తుగున్నది బావా! బుర్ర ఏడికెళ్ళి తెచ్చినవ్?"

"తెచ్చుడేంది? ఇంట్లదే. దూలానికుండె."

ఎల్లేశం ముఖం పాలిపోయింది. "అది నీలక్క విత్తనానికి ఆపుకున్న కాయ కదనే! గింజలేవి?"

నేను కోళ్ళ దిక్కు చూసిన. కోళ్ళు నా దిక్కు చూసినయ్.

తంబూర పిచ్చిల అది విత్తనపు కాయన్న సంగతే మరిచిన. అప్పుడు నా గుండె జారి కాళ్ళ కాడ పడ్డది. ఆ విత్తనం మా పెండ్లినాడు నీలమ్మ తల్లి బిడ్డ కొంగున కట్టి పంపింది. తల్లి పోయి రెండేండ్లాయె. ఆమె చేతిది అని మిగిలింది ఆ గింజలే. తొలకరి రాంగనే నీలమ్మ ముందుగాల వాటినే పెడ్తది, అన్నం తర్వాతనే.

రోజంత కోళ్ళ ఎంబడి తిరిగిన, ఏమన్న బయటవడ్తదేమోనని. పడ్డది గాని, అది విత్తనం కాదు.

తెల్లారి తువ్వాల నెత్తికి చుట్టుకొని బయలెల్లిన. రాయదుర్గంల లేవన్నరు. కొండాపూర్‌ల మాకు ఎరుకైన కనకలక్ష్మి చాట కింద పెట్టి నన్ను కింది నుంచి మీదికి చూసింది.

"ఆనిగెపు విత్తులా? మీ ఇంట్ల లేకుంటే ఇంకెవలింట్ల ఉంటయ్ తమ్మి? తొలకరికి మాకందరికి ఇచ్చేదే నీలమ్మ. ఏమన్నయిందా?"

"ఏం కాలే అక్కా. ఊకెనే అడిగిన."

"ఊకెనే అడగనీకి ఇంత ఎండల నడిచొచ్చినవా?"

నేను తువ్వాల సదురుకొని నడిచిన. ఎండ ఎట్లుండెనంటే, నా నీడ కూడా నా కాళ్ళ కిందికి దూరి కూసున్నది. నిజాంపేట చేరేసరికి పొద్దు వాలింది. ఆడ పోచమ్మ అని ఓ ముసలామె, నీలమ్మకు దూరపు సుట్టం.

"కూసో కొడుకా. ముందు నీళ్ళు తాగు. ఏంది, ఎవలన్న పోయినట్టు మొఖం పెట్టినవ్?"

ఆమె కాడ దాచబుద్ధి కాలే. ఉన్నదున్నట్టు చెప్పిన. ముసలామె నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నది.

"నీలమ్మ నాకు మూడేండ్ల కింద ఇచ్చింది. ఏటేట మీ ఊరికి నడవనీకి నా మోకాళ్ళు ఒప్పుకోవు. అందుకే నేనూ ఓ కాయ ఆపుకుంటున్న."

"అదే విత్తనమా అవ్వా?"

"కాకపోతే ఏంది? నా పందిరి మీద పెడ్తే పక్కోని ఇంటి మీద కాస్తది. పక్కోడు నాతోని మాట్లాడ్తలేడు."

కాయ పలగ్గొట్టి సగం గింజలు గుడ్డల కట్టిచ్చింది. ఆ పూట ఆడనే తిని పండుకొని, తెల్లారి ఇంటి బాట పట్టిన. కాళ్ళు నేలకు తాకలే అంటే నమ్ముండ్రి.

ఇంటికొచ్చేసరికి గడప మీద నీలమ్మ! ఇంకా రెండొద్దులకు రావాల్నాయె. కాళ్ళ నిండ దుమ్ము, కొప్పు ఊడిపోయి ఉన్నది. నన్ను చూడంగనే ఉరికొచ్చి నుదురు తాకింది.

"ఏమైంది నీకు? కొండాపూరోళ్ళు నువ్వు పరేషాన్‌గ తిరుగుతున్నవని చెప్పిన్రంట. ఆ మాట లింగంపల్లి దాటేసరికి జొరమన్నరు. మా ఊర్లెకొచ్చేసరికి మతి తప్పి ఇంటింటికి అడుక్కుంటున్నడన్నరు. చెప్పులేసుకోను కూడా ఆగలే నేను!"

"నాకేం కాలే నీలా. నీ విత్తనం... కోళ్ళకేసిన."

ఆమె దూలం దిక్కు చూసింది. నేను గుడ్డమూట చేతుల పెట్టి, పోచమ్మ కాడికి పోయిన సంగతంత చెప్పిన. నీలమ్మ గంగాళంల నీళ్ళు పోసి గింజలన్ని అండ్ల ఒంపింది. పుచ్చువైతే పైననే తేల్తయ్.

ఓ గింజ మునిగింది. ఇంకోటి మునిగింది. తర్వాత అన్ని ఒకదాని ఎనుక ఒకటి అడుగుకు దిగినయ్.

నీలమ్మ ఆడనే కూలబడి కొంగుతోని మొఖం తుడుచుకున్నది. నవ్విందో ఏడ్చిందో, రెండూ చేసిందో.

"అమ్మ నిజాంపేటల కూడా కాస్తున్నదన్నట్టు," అన్నది. మళ్ళ నా దిక్కు తిరిగి, "నువ్వు మంచిగున్నవ్ గద, ఇగ చాలు. నీ తంబూర సంగతి రేపు చెప్త. పోయి కట్టెలు తే, నిన్నటిసంది నోట్ల మెతుకు పెట్టలే."

ఆ పూట జొన్నగటక, మామిడికాయ తొక్కు ఒక్క తలెలనే పెట్టుకొని తిన్నం. ఎంత తిన్నమో మాత్రం చెప్ప, మీరు నమ్మరు.