దూలం మీద మాటలు

నెలకోసారి భూమేష్ హైదరాబాద్‌లో తొలి బస్సెక్కి కామారెడ్డి ఆసుపత్రికి వచ్చేవాడు. పుట్టుచెవుడున్న పిల్లల చెవి లోపల అమర్చే వినికిడి పరికరాలు తయారుచేసే ఇంజనీరు అతను. ఆపరేషన్ అయిన పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని లాప్‌టాప్ నుంచి ఒక్కో శబ్దం పంపేవాడు. వినబడినప్పుడల్లా వాళ్లు చింతగింజ తీసి గిన్నెలో వేయాలి. 2009లో ఎల్లారెడ్డి దగ్గరి తండా నుంచి వచ్చిన నాలుగేళ్ల ప్రియాంక మొదటి గింజ వేసినప్పుడు, తల్లి దుర్గి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

దుర్గి వాళ్లింట్లో ఎవరితో ఏ మాట అన్నా, అది వాళ్ల చెవిన పడేదాకా దూలం మీద పిచ్చుకలా కూర్చుని ఉండేది. ఆమె అత్త కాలం నుంచీ అంతే. పుట్టినప్పటినుంచి ప్రియాంకతో అన్న మాటలన్నీ ఆ సాయంత్రం ఒక్కొక్కటే దిగి పిల్ల చెవిలోకి పోయాయి. వారం తిరక్కుండా పిల్ల గడగడా మాట్లాడుతుంటే తండా అంతా సంతోషపడింది గాని ఎవరూ వింతపడలేదు.

2011 వానల్లో ఆ పరికరం మూగబోయింది. పరీక్ష చేయగానే భూమేష్‌కు సంగతి తెలిసిపోయింది. లోపలి పెట్టెలోంచి తీగలు బయటికొచ్చే చోట వేసిన అతుకు నిలవలేదు. ఒంట్లోని తడి లోపలికి దిగింది. ఆ అతుకును ఇంకొన్నాళ్లు పరీక్షించాలని అతనికి మొదట్లోనే అనిపించింది. కంపెనీలో పైవాళ్లు తొందరపెడితే సరేనన్నాడు.

"తలకు నీళ్లు పోసినవా అక్కా?" అని అడిగాడు.

"పోసిన సారూ, పండుగ ఉండె. చెవి మీది మిషిను తీసి పక్కకు పెట్టే పోసిన."

"సరిగ్గ ఆరనియ్యలే కావచ్చు. తడి వోయింది."

దుర్గి భర్త పూల్‌సింగ్ ఆమె వైపు చూశాడు. ఆ చూపు భూమేష్‌కు కనబడింది. అయినా లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకున్నాడు.

తర్వాత మూడేళ్లు అతను కొత్త అతుకు మీదే పనిచేశాడు. వేడి ఉప్పునీళ్లలో నెలల తరబడి నానబెట్టినా అది చెక్కుచెదరలేదు. తోటివాళ్లు మెచ్చుకుంటుంటే లేచి వెళ్లిపోయేవాడు.

రెండో ఆపరేషన్‌కు ఒప్పించడానికి తండాకు పోయినప్పుడు, దుర్గి ఇంట్లో దూలం కిందికి వంగి ఉంది. ఊతంగా కింద గుంజ పెట్టారు.

"బగ్గ మాటలు జమైనయ్ సారూ," అంది పక్కింటి గంగాబాయి. "అన్ని దుర్గియే. పిల్ల పక్కన కూసోని దినాం ఏందో అంటనే ఉంటది."

ఏమంటుందో భూమేష్ అడగలేదు.

2014లో ప్రియాంకకు కొత్త పరికరం వేశారు. కామారెడ్డిలో దాన్ని ఆన్ చేసిన రోజు, తిని పొమ్మని పూల్‌సింగ్ పట్టుబట్టి అతన్ని ఇంటికి తీసుకుపోయాడు. అందరూ రొట్టెల ముందు కూర్చున్నారు. పిల్ల లోపలికి రాగానే దూలం మీది మాటలు దిగసాగాయి. నవ్వుతుందనుకున్న పిల్ల ముఖం ముడుచుకుపోయింది.

"యాడీ," అంది తల్లితో, "అన్ని ఒక్కటే మాట. తప్పైంది బిడ్డా, తప్పైంది బిడ్డా అని. ఏం తప్పు చేసినవే?"

దుర్గి తల దించుకుంది. "నీ తలకు నీళ్లు వోసి నీ చెవులు వోగొట్టిన గద."

భూమేష్ చేతిలోని రొట్టెముక్క పళ్లెంలో పెట్టేశాడు.

"నీళ్లతోని కాదు," అన్నాడు. "మిషిన్లనే అతుకు కచ్చగ ఉండె. నాకు అప్పుడే ఎర్కైంది. చెప్తే నా కొలువు వోతదని నీ మీద వెట్టిన."

పూల్‌సింగ్ పళ్లెం జరిపి గోడవైపు తిరిగాడు. "దీనితోని సక్కగ మాట్లాడక మూడేండ్లాయె," అన్నాడు, గోడతో అన్నట్టు.

దుర్గి పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

"నాది తప్పు దుర్గక్కా," అన్నాడు భూమేష్.

ఆమె వినలేదు. "నేను వోగొట్టలే బిడ్డా, నేను వోగొట్టలే," అని పిల్ల చెంపలు తుడుస్తూ చెబుతూనే ఉంది. ఆ మాటల్లో ఒక్కటీ పైకి పోలేదు. భూమేష్ మాట మాత్రం ఎగిరి దూలం మీద కూర్చుంది.

మర్నాడే అతను కంపెనీలో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పాత అతుకు పరికరాలున్న పిల్లలందరికీ, అవి మూగబోకముందే, కొత్తవి వేశారు. అతని కొలువు పోయింది. కామారెడ్డిలో చెవి మిషన్లు బాగుచేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు.

అప్పుడప్పుడు ఎల్లారెడ్డి బస్సెక్కి ప్రియాంకను చూసి వస్తాడు. దుర్గి చాయ్ పోసి ఇస్తుంది. మక్కజొన్న ధర గురించి, వానల గురించి మాట్లాడుతుంది. అతని మాట ఇంకా దూలం మీదే ఉంటుంది. ఇద్దరిలో ఎవరూ తలెత్తి చూడరు.