ముట్టుకోని విగ్రహాలు

నందికొట్కూరు నుంచి కమలాక్షమ్మ గుడ్డ సంచి పట్టుకుని బస్సులో నంద్యాలకు వచ్చింది. పార్సిల్ మీది చిరునామా చూపించి, ఇద్దరు ముగ్గురిని అడిగి గోదా ఇల్లు కనుక్కుంది. కూర్చోమంటే కూర్చోలేదు. సంచిలోంచి జానెడు లక్ష్మీనరసింహ విగ్రహం తీసి బల్ల మీద పెట్టింది.

"మీ అంగట్లో కొన్నదేనమ్మా. రోజూ పాలతో అభిషేకం చేస్తాంటి. ఎట్లయిందో నువ్వే చూడు."

విగ్రహం భుజాల మీద, మోకాళ్ల మీద నలుపు పోయి లోపలి తెలుపు బయటపడింది. గోదా దాన్ని చేతిలోకి తీసుకుంది. రాయికుండే బరువు లేదు. తిరగేస్తే పీఠం అడుగున సన్నటి అతుకు గీత కనిపించింది. రాతిపొడిని జిగురుతో కలిపి, అచ్చులో పోసి, నల్లరంగు పూసిన బొమ్మ అది.

"మీ దుడ్లు మీకిచ్చేస్తానమ్మా," అంది గోదా.

"దుడ్లెందుకు నాకు? మా ఆయన ఆస్పత్రిలో ఉన్న రెండు నెల్లూ దీనికే మొక్కినా. ఆ మొక్కులు యాడికి పోయినాయో చెప్పు, చాలు."

కమలాక్షమ్మ ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకుని, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయింది.

గోదా తండ్రి పార్థసారథి అహోబిలం గుడి వంటశాలలో పనిచేస్తాడు. ఆమె పెళ్లయ్యాక నంద్యాలలో కాపురం పెట్టి, మూడేళ్ల క్రితం ఆన్‌లైన్‌లో 'శిలారూప' అనే దుకాణం తెరిచింది. ఆలోచన సాయి ప్రియది. ఇద్దరూ నంద్యాలలో డిగ్రీ చదువుకునే రోజుల్లో ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నవాళ్లు. సాయి ప్రియది ఆళ్లగడ్డ. అక్కడ సంజీవయ్య అనే శిల్పి దగ్గర విగ్రహాలు తీసుకుని, తన షెడ్డులో ప్యాక్ చేసి, నేరుగా కొన్నవాళ్ల ఇంటికి పంపేది. ఆర్డర్లు తేవడం, మాట్లాడటం గోదా పని. డ్రాప్ షిప్పింగ్ అంటే అంతే. సరుకు అమ్మేవాళ్ల చేతికి రాదు. మొదట్లో చూసిన రెండు నమూనాల తర్వాత గోదా తాను అమ్మిన విగ్రహాన్ని ముట్టుకోవడం ఇదే మొదటిసారి.

కానీ ప్రతి కొనుగోలుదారుకూ ఆమె స్వయంగా ఫోన్ చేసేది. ఏ దిక్కుకు పెట్టాలో, అభిషేకం అయ్యాక ఎలా తుడవాలో ఓపిగ్గా చెప్పేది. జనం ఆమె మాట విని కొనేవాళ్లు.

కమలాక్షమ్మ వెళ్లగానే సాయి ప్రియకు ఫోన్ చేసింది.

"ఏమోమే, ఒకటేదో మారిపోయినట్టుంది. నేను చూసుకుంటాలే. దీనికంతా నువ్వు బాధపడొద్దు," అంది సాయి ప్రియ.

గోదా నమ్మింది. రాత్రి భర్త సుదర్శన్‌తో కూడా పొరపాటే అని చెప్పింది. అయినా మనసు ఊరుకోలేదు. పొద్దున్నే, ఈ మధ్య కొన్న ఇరవైమందికి, పీఠం అడుగుభాగం ఫొటో తీసి పంపమని మెసేజ్ పెట్టింది. మధ్యాహ్నానికి పదకొండు ఫొటోలు వచ్చాయి. పదకొండింటి మీదా అదే గీత.

ఆమె ఆళ్లగడ్డ బస్సెక్కింది.

ముందు సంజీవయ్య దగ్గరికి వెళ్లింది. ఆయన రేకుల పందిరి కింద కూర్చుని ఒక సమాధి పలక మీద పేరు చెక్కుతున్నాడు. గోదా తానెవరో చెప్పగానే ఉలి పక్కన పెట్టాడు.

"నంద్యాలమ్మవు నువ్వేనా? అంగడి మూసినావంట గదా!"

"ఎవరు చెప్పినారు పెద్దయ్యా?"

"సాయి ప్రియనే. రాతి విగ్రహాలు ఎవురూ కొంటల్లేరు, నంద్యాలామె మూసేసింది అనె. ఎనిమిది నెల్లాయ. అప్పట్నుంచి ఈ పలకలే చెక్కుతాండా."

గోదా ఫోన్ తీసి తన దుకాణం చూపించింది. మొదటి పేజీలోనే సంజీవయ్య ఫొటో. కింద 'ఈ చేతులు చెక్కిన విగ్రహం మీ ఇంటికి' అనే మాట. ఆయనకు చదవడం సరిగా రాదు. ఆమే చదివి వినిపించింది.

ఆయన ఫోన్ దగ్గరికి లాక్కుని ఆ ఫొటో చూశాడు. "నేను చెయ్యనిదానికి నా మొగం పెట్టినారా," అన్నాడు. ఆ నిందలో గోదా కూడా ఉంది.

సాయి ప్రియ షెడ్డు తలుపు తీసే ఉంది. లోపల బల్లల మీద రబ్బరు అచ్చులు, ఎండుతున్న తెల్లటి వినాయకులు, రంగు డబ్బాలు. గోదాను చూసి సాయి ప్రియ చేతిలోని కుంచె కింద పెట్టింది.

"చెప్పకుండా వచ్చినావేందిమే?"

"నువ్వు చెప్పకుండా చేసినావు గదా."

సాయి ప్రియ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "సంజీవయ్య నెలకు నాలుగు చేస్తాడు. నువ్వు నలభై ఆర్డర్లు తెస్తివి. నన్నేం చేయమంటావు? నాలుగు రాయివి, తక్కినవి పోతవి పంపితే తేడా తెలిసిపోతాది. అందుకే అన్నీ పోతపోసినా."

"నాకొక మాట చెప్పింటే ఆర్డర్లు తగ్గించేదాన్ని గదే!"

"చెప్తే మొత్తం ఆపేస్తావు. నీకు అబద్ధం రాదు గోదా, నాకు తెలుసు. నీకు తెలీకుంటేనే నీ మాట అందరూ నమ్ముతారు."

తన మంచితనాన్ని ఇంత బాగా ఎరిగిన మనిషి ఇంకొకరు లేరు. ఆ ఎరుకతోనే ఎనిమిది నెలలుగా తన నోటితో ఊరందరినీ మోసం చేయించింది.

"మూడేండ్లలో ఈడికి ఎన్నిసార్లొచ్చినావు? ఒక్కసారన్నా వచ్చి చూసినావా?" అంది సాయి ప్రియ, గొంతు పెంచి.

అది నిజమే. గోదా బయటికి నడిచింది.

ఆ సాయంత్రమే దుకాణం మూసేసింది. సంజీవయ్య ఫొటో అంతకు ముందే, బస్టాండులో కూర్చుని తీసేసింది. తర్వాత పన్నెండు రోజులు ఆమె ఫోన్లు చేస్తూనే ఉంది. "మీకు పంపింది రాయి కాదు. అప్పుడు నాకు తెలియదు, కానీ అమ్మింది నేనే. క్షమించండి," అని ఒక్కొక్కరికీ చెప్పింది. కొందరు తిట్టారు. కొందరు ఏమీ అనకుండా పెట్టేశారు. బేతంచెర్లలో కొన్న ఒకాయన మాత్రం, "మేం బాగానే పూజ చేసుకుంటాంటిమి. ఎందుకు చెప్పినావమ్మా?" అని నొచ్చుకున్నాడు. ఆ రోజు ఇంకెవరికీ చేయలేకపోయింది.

నెల తిరక్కముందే సాయి ప్రియ సొంతంగా ఆన్‌లైన్ దుకాణం పెట్టింది. అవే బొమ్మల ఫొటోలు. ఏ దిక్కుకు పెట్టాలి, ఎలా తుడవాలి అని గోదా చెప్పే మాటలన్నీ పొల్లుపోకుండా రాసి ఉన్నాయి. "కేసు పెడదాం," అన్నాడు సుదర్శన్. గోదా వద్దంది. మాటల మీద ఏ కేసు పెడతాం అని ఆమె ప్రశ్న.

సంజీవయ్య దగ్గరికి మళ్లీ వెళ్లింది. విగ్రహాలు చెక్కి ఇవ్వడానికి ఆయన వెంటనే ఒప్పుకోలేదు. మూడోసారి వెళ్లినప్పుడు, "అమ్మేది తర్వాత. ముందు రాయి ఎట్లుంటాదో కూర్చోని చూడు," అన్నాడు. ఇప్పుడామె వారానికోసారి ఆళ్లగడ్డ వెళ్తుంది. నెలకు రెండో మూడో విగ్రహాలు తానే ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చి అమ్ముతుంది. వచ్చేది బస్సు చార్జీలకూ చాలీచాలదు.

ఆ దారిలో సాయి ప్రియ షెడ్డు ఉంది. గోదా అటు చూడదు. కానీ బస్సులో ఏదైనా నవ్వొచ్చే సంగతి జరిగితే ఇప్పటికీ ముందు సాయి ప్రియకే చెప్పాలనిపిస్తుంది. ఫోన్ తీసి, ఆ పేరు దాకా వెళ్లి, మళ్లీ లోపల పెట్టేస్తుంది.