కట్టని దారం

జంగమ్మ చీర కుచ్చిళ్ళలోంచి చేప పొలుసులు ఇంకా రాలుతూనే ఉన్నాయి. నర్సు రూత్ ఆ చీరను మెల్లగా విప్పి దవాఖానా పచ్చగౌను తొడుగుతుంటే అవి తెల్లగా మెరుస్తూ నేలమీద పడుతున్నాయి. కుడికాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. బద్ద పెట్టి కట్టు కట్టారు. కట్టు కింద పాదం వాచి, నిగనిగలాడుతూ, ఇంకెవరిదో పాదంలాగా కనిపిస్తోంది.

"బిడ్డా, మా ఆయన ఏడున్నడు?"

"ముందటి రూముల ఉన్నడు చిన్నమ్మా. డాక్టర్లు చూస్తున్నరు."

అప్పటికి ఆ మాట నిజమే.

పొద్దున్నే చెరువు కట్ట దగ్గర చేపలు నింపుకుని మొగుడూ పెళ్ళాలు మీర్‌పేట్ కాలనీలకు బయల్దేరారు. సిద్దయ్య మోపెడ్ నడుపుతాడు. జంగమ్మ వెనక కూర్చుని చేపల టబ్బు జారకుండా పట్టుకుంటుంది. రవ్వ చేపలు కిలో నూట అరవై, శుభ్రం చేసి ముక్కలు కోసిస్తే ఇంకో ఇరవై. ఎండ ముదిరేలోపు అమ్ముడు పోకపోతే ఆ ధర సగానికి పడుతుంది. సాగర్ రోడ్డు మీద కంకర టిప్పర్ వెనక నుంచి వచ్చి తగిలింది. చేపల్ని ఏరుకునేవాళ్ళు ఏరుకున్నారు. ఇద్దరు ముగ్గురు మాత్రం ఆటో ఆపి, వీళ్ళిద్దర్నీ ఇబ్రహీంపట్నంలో దగ్గరగా ఉన్న ఈ ప్రైవేటు దవాఖానాకు తెచ్చారు.

రూత్ జంగమ్మను ఎక్స్‌రే గదికి తీసుకుపోయి వచ్చేసరికి ముందటి గది తలుపు మూసి ఉంది. తలుపు బయట సిద్దయ్య అన్న బాలనర్సింహ గోడకు తల ఆనించి నిలబడ్డాడు. సీనియర్ నర్సు నర్మద రూత్ వైపు చూసి తల అడ్డంగా ఊపింది. స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకున్న జంగమ్మకు సీలింగు తప్ప ఏమీ కనిపించలేదు.

ఎముకల డాక్టరు నగరం నుంచి వస్తాడు. వారానికి రెండుసార్లు. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి ఆయన అన్నాడు.

"పేషెంట్‌కి ఇప్పుడేం చెప్పకండి. బీపీ పెరిగితే మత్తు ఇవ్వలేం. ఆపరేషన్ అయ్యాక చెప్పుకోవచ్చు. నేను మళ్ళీ శుక్రవారం దాకా రాను."

"మీరెట్లంటె గట్లనే సారూ" అన్నాడు బాలనర్సింహ. డాక్టరు లోపలికి పోయాక రూత్ దగ్గరికొచ్చాడు. "అమ్మా, తమ్ముని గురించి అడిగితె మంచిగనే ఉన్నడని చెప్పు. పోస్టుమార్టం అయినంక గటునుంచి గటే మట్టి చేస్తం. ఆమె లేసేటాల్లకు అంత అయిపోతది."

"ఆఖరి సూపు సూడదా అన్నా?"

"కాలిరిగి పడ్డది. ఏం సూస్తదమ్మా!" ఆ మాట అంటూనే అతను తువ్వాలు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగాడు.

మేనేజర్ దివాకర్ కౌంటర్ దగ్గర్నుంచే కేకేశాడు. "రూత్! ముచ్చట్లు తర్వాత. పేషెంట్‌ను తయారు చెయ్. ఒంటి మీద ఇనుము, బంగారం ఏదీ ఉండొద్దు."

ఒంటి మీది వస్తువులు తీయించడం ఆ వార్డులో రూత్ పనే. ఎవరూ ఒప్పజెప్పలేదు, దానంతట అదే ఆమెకు వచ్చింది. కందుకూరు అవతల పల్లెలో సర్కారు బడిలో చదువుకుని, నర్సింగ్ ముగించి ఇక్కడ చేరిన కొత్తలో ఒక ఆడమనిషి మెడలోంచి పుస్తెలతాడును ఎవరో తొందరగా తీసి ప్లాస్టిక్ కవర్లో వేశారు. ఆమె బోసి మెడ మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఆపరేషన్ గదిలోకి పోయింది. మత్తు ఎక్కేదాకా ఆ చేతులు తియ్యలేదు. ఆ తర్వాత నుంచి రూత్ జేబులో పసుపు దారం ఉండలా చుట్టి ఉంటోంది. పుస్తెలు తీసే ముందే మెడలో దారం కడుతుంది. తండా నుంచి వచ్చిన ముసలమ్మ దండచేతి గాజుల్ని కత్తిరించకుండా గుడ్డ చుట్టి ప్లాస్టర్ వేస్తుంది. ముస్లిం ఆడవాళ్ళ నల్లపూసల లచ్చ తీయాల్సి వస్తే దాన్ని వాళ్ళ అత్త చేతికో అక్క చేతికో ఇస్తుంది గానీ కవర్లో వెయ్యదు. ఇటుక బట్టీ నుంచి వచ్చే ఒడియా బాలింతలతో మాట్లాడ్డానికి నాలుగు మాటలు నేర్చుకుంది. అవి తప్పుగా పలికితే వాళ్ళు నవ్వుతారు. నవ్వితే సూది పొడవడం తేలిక.

నర్మద ఆటపట్టిస్తుంది. "ఏందే రూతూ! ఐతారం చర్చికి పోతవ్, సోమారం పసుపుతాళ్ళు పంచుతవ్. మీ యేసయ్యకు తెల్సా?"

"ఆయనకు తెల్వకుంట ఏముంటదక్కా!"

ఈరోజు ట్రే పట్టుకుని వార్డులోకి నడుస్తుంటే జేబులోని ఆ ఉండ తొడకు తగులుతోంది. ఇన్నాళ్ళూ అది తగులుతున్నట్టే తెలియలేదు.

పక్క మంచం మీద రావిర్యాల రమ ఉంది. నిన్న పిత్తాశయంలో రాళ్ళు తీశారు. నొప్పి తగ్గింది మొదలు నోరు ఆగడం లేదు.

"ఏం భయపడకు అక్కా" అంటోంది జంగమ్మతో. "ఈ సిస్టర్ మన ఇంటి ఆడివిల్ల లెక్కనే చేస్తది. పుస్తెలు తియ్యకముందే నాకు దారం కట్టింది సూడు. మా అత్తకు గుడ గంత గ్యానం లేదు!" మెడ దగ్గరి పసుపు దారం పైకెత్తి చూపించింది.

జంగమ్మ ఆ దారం వైపు చూసి కొంచెం నిమ్మళపడింది. రూత్ దగ్గరికి రాగానే తనే మెడ పైకెత్తింది.

"పుస్తెలు తియ్యాలెనంట గద బిడ్డా. ముందుగాల దారం కట్టు, గప్పుడు తియ్యి. ఆయన గక్కడ గట్ల పడి ఉండంగ నా మెడ ఒక్క గడియ గుడ ఒట్టిగ ఉండొద్దు."

రూత్ ట్రే పక్కన పెట్టింది. చెయ్యి జేబులోకి పోయింది. వేళ్ళకు దారం తగిలింది.

కట్టెయ్యొచ్చు. ఒక్క ముడి. కడితే ఈమె కళ్ళు మూసుకుని లోపలికి పోతుంది, కాలు నిలుస్తుంది. సాయంత్రం లేచేసరికి మట్టి చెయ్యడం కూడా అయిపోతుంది. అప్పుడు ఈమె చెయ్యి మెడ మీదికి పోతుంది. ఇది ఎప్పుడు కట్టారని అడుగుతుంది. మొగుడు చచ్చినంక నా మెడలో పసుపు దారం కట్టినవా బిడ్డా, తెలిసి కట్టినవా అని అడుగుతుంది. ఆ అడగడాన్ని రూత్ ఇప్పుడే విన్నట్టయింది. ఇంతమందికి ధైర్యమిస్తుందని కట్టిన దారం, ఇప్పుడు అబద్ధమయ్యేదాకా వచ్చింది.

చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది.

"దారం... అయిపోయింది చిన్నమ్మా."

"ఏడ అయిపోయింది!" రమ నవ్వింది. "పొద్దుగాల నీ జేబుల ఇంత ఉండ సూస్తిని. తియ్యి సిస్టర్, పిసినారితనం చెయ్యకు!"

రూత్ తల వంచుకుని ట్రేలోని దూదిని సర్దింది. సర్దాల్సినంత దూది అక్కడ లేదు.

జంగమ్మ ఆ చేతుల్ని చూసింది. తర్వాత మొహాన్ని చూసింది. పైకెత్తిన మెడ మెల్లగా దిండు మీదికి వాలింది. వార్డులో ఫ్యాను ఒకటే చప్పుడు చేస్తోంది.

"ఎప్పుడు వోయిండు?"

రమ చెయ్యి దానంతట అదే తన మెడ మీదికి పోయింది.

"నిన్ను ఎక్స్‌రేకు తీస్కపోయినప్పుడు" అంది రూత్.

జంగమ్మ నోరు తెరిచింది గానీ గాలి తప్ప ఏమీ రాలేదు. రూత్ ఆమె భుజం పట్టుకుని వంగి కూర్చుంది. జంగమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"నాకు సూపియ్యి."

"ఇప్పుడు నువ్వు బయటికి పోతె ఈయాల ఆపరేషన్ కాదు చిన్నమ్మా. డాక్టర్ మళ్ళ శుక్రారం దాకా రాడు. గందాక నొప్పి మస్తుగ ఉంటది. నీకు తెల్వాలెనని చెప్తున్న."

"నొప్పి నాది బిడ్డా. మొగడు గుడ నావోడే."

రూత్ పోయి చెప్పగానే కౌంటర్ దగ్గర దివాకర్ మొహం ఎర్రబడింది. "నీకెవ్వరు చెప్పమన్నరు? డాక్టరు చెప్పొద్దన్నడా లేదా?"

"నా అంతట నేను చెప్పలే సార్. దారం కట్టలే. అంతే."

"ఏం దారం? ఏం మాట్లాడుతున్నవ్? పో, మత్తు సూది ఇచ్చి లోపలికి తీస్కరా. నిద్రపోతె అదే మరుస్తది."

"ఇయ్య సార్."

రూత్ తన ఇంట్లో, బడిలో, ఈ దవాఖానాలో ఎప్పుడూ పెద్దవాళ్ళతో అనని మాట అది. నోట్లోంచి వచ్చాక ఆమెకే వింతగా వినిపించింది. "ఆమె వద్దంటున్నది. వద్దన్న మనిషికి సూది ఇయ్య."

"అట్లయితె రేపటి సంది రాకు. పదకొండు వేలకు ఇంకొకరు దొరకరా?"

నర్మద ఫోన్ వైపు తల దించుకుంది. రూత్ వెనక్కి వచ్చి స్ట్రెచర్ పట్టుకుంది. వార్డు పనివాడు స్వామి గుట్కా ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చాడు.

"సార్ ఒప్పుకున్నడా చెల్లె?"

"లేదన్నా."

"ఒప్పుకుంటె నేనెందుకు అడుగుదును" అని స్వామి కాళ్ళవైపు పట్టుకున్నాడు.

దవాఖానా వెనక, జనరేటర్ పక్కన, సిద్దయ్యను పోస్టుమార్టానికి తీసుకుపోయే వ్యాను నిలబడి ఉంది. ఎండకు దాని రేకు పేలిపోతోంది. రాళ్ళ మీద స్ట్రెచర్ ఎగిరినప్పుడల్లా జంగమ్మ పళ్ళు బిగించింది. వాళ్ళు వ్యాను దగ్గరికి చేరుతుండగా ఎముకల డాక్టరు కారు గేటు దాటి వెళ్ళిపోయింది. బాలనర్సింహ అడ్డం వచ్చి, మరదలి మొహం చూసి, ఏమనాలో తెలియక పక్కకు జరిగాడు. స్వామి వ్యాను తలుపు తీశాడు. స్ట్రెచర్‌ను దాని అంచుకు ఆనించారు.

సిద్దయ్య మొహానికి ఒక్క దెబ్బ కూడా లేదు. జంగమ్మ చెయ్యి చాపి ఆ గడ్డం పట్టుకుంది.

"పొద్దుగాల చాయ్ తాగి పోదమన్నవ్" అంది. "నేనే వద్దంటి. చేపలు మెత్తవడ్తయంటి. ఒక్క చాయ్ తాగనిస్తె గా టిప్పర్ ముందుగాలనే పోతుండె గదయ్యా... చేపలు మెత్తవడ్తయంటి..."

అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. ప్రతిసారీ గొంతు తగ్గింది. రూత్ సెలైన్ సీసా పైకెత్తి పట్టుకుని నిలబడింది. చెయ్యి గుంజుతోంది. ఎవరో వెనక నుంచి ఆ సీసా అందుకున్నారు. నర్మద. ఆమె రూత్ వైపు చూడలేదు.

గోడ నీడన కూర్చున్న బుగ్గమ్మ లేచింది. సిద్దయ్య తల్లి. బోసి నుదురు, బోసి కాళ్ళు. కోడలి తలను కడుపుకు అదుముకుని, ఆ మోపెడ్‌నూ ఆ రోడ్డునూ తిడుతూ ఏడ్చింది. అంత ఏడుపూ ఏడ్చాక కొంగుతో మొహం తుడుచుకుని స్ట్రెచర్ ఆ చివరికి, కోడలి కాళ్ళ దగ్గరికి పోయింది.

"మట్టెలు తీస్త బిడ్డా. వాడు పెట్టినయి వానితోనే మట్టిల పోవాలె. నువ్వు కాటికి రాలేవ్. గిక్కడనే తియ్యాలె."

"వద్దత్తా."

"వద్దంటె ఎట్ల? నాకు తియ్యలేదా? నీ కంటె చిన్నదాన్ని అప్పుడు. చంకల వీడు." వ్యాను వైపు చెయ్యి చూపించింది. "నేను గుడ వద్దన్న. నలుగురు పట్టుకోని తీసిన్రు."

"నీకు వద్దుండె గద అత్తా. నాకు గుడ వద్దు."

బుగ్గమ్మ ఒక్క క్షణం ఆగింది. వెనక నిలబడ్డ ఆడవాళ్ళలో ఎవరో గొణిగారు. "పీనుగ ముందట గా మాటలేంది! కానియ్యి బుగ్గవ్వా, పోలీసాయన పిలుస్తుండు." బుగ్గమ్మ చెయ్యి ఎడమ పాదం మీదికి వచ్చింది. జంగమ్మ ఆ కాలు చటుక్కున దుప్పట్లోకి ముడుచుకుంది.

బుగ్గమ్మ కుడి పాదం వైపు జరిగింది.

ఆ కాలు ముడుచుకోవడానికి రాలేదు. జంగమ్మ పెదవి కొరుక్కుని ప్రయత్నించింది. కట్టులో కాలు అంగుళం కూడా కదల్లేదు. వాపులో వెండి మట్టె కండలోకి దిగి సగమే కనిపిస్తోంది. బుగ్గమ్మ రెండు వేళ్ళతో దాన్ని పట్టుకోబోయింది.

రూత్ వంగి, ఆ పాదం మీద తన అరచెయ్యి వేసింది. చర్మం కాలిపోతోంది.

"చెయ్యి తియ్యి సిస్టరమ్మా" అంది బుగ్గమ్మ. గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "గిది మా పద్ధతి. నీకు తెల్వదు."

"తెల్సు పెద్దమ్మా" అంది రూత్.

చెయ్యి తియ్యలేదు.