అరగని నాలుగో నాబ్

"ఇంట్లోకీ పనికిరావాలి, బయట ప్రోగ్రాములకీ పనికిరావాలి" అని అడిగేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. చెప్పుల కొట్టుకు వెళ్ళి, స్నానాల గదిలోకీ పెళ్ళికీ కలిపి ఒకటే జత ఇవ్వమని ఎవరైనా అడుగుతారా? నేనమ్మే సౌండు మిక్సరు దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరూ అడుగుతారు. చంకలో పట్టాలి, నాలుగు మైకులు తీసుకోవాలి, కంప్యూటరుకు తగిలిస్తే రికార్డు చెయ్యాలి, హాల్లో పెడితే కుయ్యోమనకూడదు. నా నెత్తిమీద జుట్టు సగం ఈ బేరానికే రాలిపోయింది.

ఆ రోజు పొద్దున్న చెల్లెమ్మ, ఆవిడ తమ్ముడు కొట్టు మెట్లెక్కి వచ్చి సరిగ్గా ఆ మాటే అన్నారు. అలవాటుకొద్దీ విసుక్కోబోయి నోరు మూసుకున్నాను. ఆవిడ భర్త పోయాక వాళ్ళు నా కొట్టుకు రావడం అదే మొదటిసారి.

చెల్లెమ్మ నా తోడబుట్టింది కాదు. వైర్లనీ మైకులనీ ఏళ్ళ తరబడి నా దగ్గరే కొంటూ, వరస కలిపి అన్నయ్యా అనడం మొదలుపెట్టింది. ఆవిడకి నేను అన్నయ్యనైతే ఆవిడ భర్తకి బావనే కదా. బావా అని పిలిచే హక్కు దొరికాక ఇక ఆ మనిషి నన్ను ఆటపట్టించని రోజు లేదు. వచ్చిన ప్రతిసారీ నా ఖాతాలో టీ తాగి, "మా బావది పెద్ద చెయ్యి" అని నలుగురిలో పొగిడి, నాచేత ఇంకో టీ చెప్పించేవాడు.

వాళ్ళది చిన్న జట్టు. ఆవిడ పాడేది, ఆయన వెనక కూర్చుని డ్రమ్ము వాయించేవాడు, తమ్ముడు కీబోర్డు వాయిస్తూ పక్కనే మిక్సరు చూసుకునేవాడు. పుట్టినరోజులు, పదవీవిరమణ సభలు, హోటళ్ళలో శనివారం పాటలు, ఇవీ వాళ్ళ ప్రోగ్రాములు. ఆయనకి మేమంతా పెట్టిన పేరు ఉరుము. డ్రమ్ము వల్ల కాదు, గొంతు వల్ల. కింద వీధిలో ఆయన నవ్వితే పైన నా బీరువాలో స్పీకర్లు అదిరేవి. వాళ్ళకి పాత మిక్సరు అమ్మింది నేనే. పాటకొకటి, కీబోర్డుకొకటి, సభలో మాట్లాడేవాళ్ళకొకటి పోగా తనకోసం నాలుగో మైకు కూడా తీసుకోమంటే ఆయన ఒప్పుకోలేదు.

"నాకు మైకెందుకు బావా? నాకు మైకు పెడితే ముందు వరసలో వాళ్ళకి నువ్వే దూది అమ్ముకోవాలి" అన్నాడు.

అందరం నవ్వాం. నిజమే, ఆ చిన్న హాళ్ళలో ఆయనకి మైకు దండగే. అలాంటి మనిషి ఎండాకాలం మొదట్లో ఓ మధ్యాహ్నం, డ్రమ్ము బిగిస్తూ బిగిస్తూ గుండె పట్టుకుని పక్కకి ఒరిగాడు. ఆస్పత్రి గేటు దాటేలోపే అయిపోయింది. నేను వెళ్ళేసరికి ఇల్లంతా జనం. అయినా ఆ ఇల్లు అంత సద్దుమణిగి ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

తమ్ముడు సంచిలోంచి పాత మిక్సరు తీసి బల్లమీద పెట్టాడు. వాడీ వాడీ మూడు మైకుల నాబ్‌ల మీద అంకెలు పూర్తిగా చెరిగిపోయాయి. నాలుగోది మాత్రం నేను డబ్బాలోంచి తీసిన రోజులాగే తళతళలాడుతోంది. దాన్ని ఎవరూ తిప్పితే కదా.

"దీంట్లో ఒకవైపు గరగరమంటోందన్నయ్యా. వచ్చే వారం ఒక ప్రోగ్రాము ఒప్పుకున్నాం, అందుకోసం కొత్తది కావాలి" అంది చెల్లెమ్మ.

"మరి ఇంట్లోకి అన్నావు?"

ఆవిడ పర్సులోంచి పెన్‌డ్రైవ్ తీసి నా ముందు పెట్టింది. "ఇందులో మా పాటలన్నీ ఉన్నాయి. మంచి మిక్సరైతే ఇందులోంచి ఆయన గొంతొక్కటీ పైకి తీస్తుందా? సన్నగా వినపడినా చాలు. ఇంట్లో పెట్టుకుని వింటాను."

పెన్‌డ్రైవ్ తగిలించి పాట పెట్టాను. చెల్లెమ్మ గొంతు, కీబోర్డు. ఇంకో పాట. చెల్లెమ్మ గొంతు, కీబోర్డు. చెవులు రిక్కించి వింటే ఎక్కడో అడుగున, పక్కింట్లో ఎవరో తలుపు తడుతున్నట్టు డ్రమ్ము. ఆయన గొంతు మాత్రం ఎక్కడా లేదు.

"ఎక్కడ పెట్టినా నేనే అన్నయ్యా" అంది ఆవిడ. "రోజూ పెట్టుకుని వెతుకుతున్నాను. నా గొంతంటే నాకే రోత పుట్టింది."

అబద్ధం చెప్పి ఖరీదైన మిక్సరు అంటగట్టే రకాన్ని కాను. ఉన్నదున్నట్టు చెప్పాను. హాల్లో వినిపించేది వేరు, మిక్సరు దాచుకునేది వేరు. మైకులోంచి వచ్చిందే మిక్సరుకు తెలుస్తుంది. హాలంతా నిండిపోయిన మనిషి సంగతి దానికసలు తెలియనే తెలియదు. పైగా ఈ పాతది అన్నీ కలిపేసి ఒక్కటిగా దాస్తుంది.

"ఉడికిన కూరలోంచి ఉప్పు వెనక్కి తియ్యలేం కదమ్మా" అన్నాను.

తమ్ముడు నేలచూపులు చూస్తున్నాడు. వాడికి ఇదంతా ముందే తెలుసు, అక్కకి చెప్పే ధైర్యం లేక నా దగ్గరికి తీసుకొచ్చాడు. చెల్లెమ్మ ఏడవలేదు. పెన్‌డ్రైవ్ లాగి మూత పెట్టుకుంటోంది, అది సరిగ్గా పట్టడం లేదు. ఆ వేళ్ళు చూస్తుంటే నా బుర్ర ఊరుకోలేదు.

"ఆగమ్మా, ఒక్క మాట. నువ్వు పాడుతున్నంతసేపూ మైకు నిన్నే తీసుకుంటుంది. నువ్వు ఆగితే వెనక ఏముంటే అది తీసుకుంటుంది. ఆయన నీ వెనకే కదా కూర్చునేది? ఎప్పుడైనా పాట మధ్యలో మాట మర్చిపోయి ఆగావా? ఆ పాట ఏదో చెప్పు, ఆ ముక్క వెతుకుదాం."

ఆవిడ ముఖం విప్పారింది. ఆ వెలుగు చూసి నాకూ ప్రాణం లేచొచ్చింది.

"ఎప్పుడైనా ఏమిటన్నయ్యా, రెండో చరణం దగ్గర నాకు మామూలే. నేను నీళ్ళు నములుతుంటే ఆయన వెనకనుంచి ఆ లైను అందుకునేవారు. మూడో లైనుకి నేను మళ్ళీ కలిసేదాన్ని. జనం అది మా పద్ధతనుకుని చప్పట్లు కొట్టేవాళ్ళు. లైనుకి లైను నిండుగా పాడేవారు. అవి..."

అక్కడే ఆగిపోయింది. మెల్లగా తమ్ముడివైపు తిరిగింది.

"తీసేసేవాళ్ళం కదక్కా" అన్నాడు వాడు.

నాకు వాడే చెప్పాడు. ప్రోగ్రాము అయిన మర్నాడు ముగ్గురూ వాళ్ళ వంటింట్లో కూర్చుని పాటలన్నీ వినేవాళ్ళట. కొత్తగా పిలిచేవాళ్ళకి వినిపించడానికి శుభ్రమైన పాటలు కావాలి. అందుకని చెల్లెమ్మ ఎక్కడ తడబడితే ఆ పాట తీసేసేవాళ్ళట. అలా తీసేసే పని ఉరుముదే. "నీ పరువు నా వేలి మీద ఉంది చూసుకో" అని పెళ్ళాన్ని ఏడిపిస్తూ నొక్కేవాడట.

అయినా ఏదో ఒకటి తప్పించుకోకపోతుందా అని ముగ్గురం కూర్చుని వెతికాం. ప్రతి పాటా రెండో చరణం దగ్గర పెట్టి విన్నాం. ఎక్కడా తప్పు లేదు. అద్దంలా ఉన్నాయి. వెధవ బుద్ధి, ఒక్క తప్పు దొరికితే బావుండునని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

చివరి పాట కూడా అయిపోయింది. "నా తప్పు కనపడకూడదని తననే తుడిచేసుకున్నారు అన్నయ్యా" అంది చెల్లెమ్మ. ఈసారి ఏడ్చింది. నాకూ కళ్ళనీళ్ళు ఆగలేదు. కొట్టులోకి వచ్చిన ఎవరో మమ్మల్ని చూసి, వచ్చినదారినే దిగి వెళ్ళిపోయారు.

కాసేపటికి ఆవిడే కొంగుతో ముఖం తుడుచుకుని, "సరే, కొత్తది చూపించండి" అంది.

చూపించాను. తమ్ముడు తేలిగ్గా ఉన్నదాన్ని ఒక చేత్తో ఎత్తి చూసి, దించేశాడు. ఎవరి పాట వాళ్ళకి విడివిడిగా దాచేది కావాలన్నాడు. ఇప్పుడు దానితో ఏం వెతుకుతావురా అని నేను అడగలేదు. అలాంటిదే ఒకటి తీసి, మైకు తగిలించి, చెల్లెమ్మకి హెడ్‌ఫోన్ పెట్టాను. పాడి చూడమన్నాను. ఆవిడ పాడింది. పల్లవి, మొదటి చరణం చక్కగా వచ్చాయి. రెండో చరణం రెండో లైను దగ్గర ఆగిపోయింది. హెడ్‌ఫోన్ చెవులకి అదుముకుని విని, తీసేసింది.

"ఏమిటిది, చెవులు మూసుకుపోయినట్టుంది?"

"గేట్ అంటారమ్మా. నువ్వు పాట ఆపగానే మైకు దానంతటదే మూసుకుంటుంది. చుట్టుపక్కల చప్పుడు ఒక్కటి కూడా పడదు" అన్నాను, అమ్మేవాడి అలవాటు కదా.

"వెనక మనిషి ఉన్నా?"

నాలిక కరుచుకున్నాను. చెప్పక తప్పలేదు. "ఉన్నా వినపడదమ్మా."

"అది తీసెయ్యండి."

"ఫ్యాను చప్పుడూ, వీధిలో బండ్లూ అన్నీ పడతాయి."

"పడనివ్వండి అన్నయ్యా."

తీసేశాను. మళ్ళీ మొదటినుంచి పాడింది. తమ్ముడు రికార్డు నొక్కి, ఇంకో హెడ్‌ఫోన్ తను పెట్టుకున్నాడు. రెండో చరణం మొదటి లైను అయింది. ఆవిడ ఆగింది. మర్చిపోయిందో, అలవాటుగా చోటిచ్చిందో నేను అడగలేదు. ఫ్యాను తిరుగుతోంది. కింద బస్సు హారను. నాకు దగ్గు వస్తే అణుచుకోబోయి దగ్గేశాను. ఒక లైనుకి పట్టేంతసేపూ వెనకనుంచి ఎవరూ అందుకోలేదు. ఆ తర్వాత ఆవిడ మూడో లైను ఎత్తుకుని, పాట చివరిదాకా పాడింది.

పాట అయ్యీ కాకముందే తమ్ముడి వేలు ఆ పాట తీసేసే బటను మీదికి వెళ్ళింది. వాడి తప్పు కాదు, తప్పు దొర్లితే తీసెయ్యడం ఆ ఇంటి అలవాటు. చెల్లెమ్మ వాడి మణికట్టు పట్టుకుంది.

"ఉంచరా. ఆ లైను మీ బావది."

వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ పాటను వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న ఆ ఒక్క లైనే మళ్ళీ పెట్టుకుని వింది.